కడగకూడని సీసా

నాచారం,
జూలై 1

తమ్మీ ఉమామహేశ్వర్,

నా నంబరు నువ్వు బ్లాక్ చేసి ఎనిమిది నెలలు. నీ గృహప్రవేశం ఫోటో కింద ‘చేసేది సైన్సు ఉద్యోగం, ఇంటినిండా హోమం పొగ’ అని నాలుగు ముక్కలు రాసినందుకు. ఫోన్ నీది, నీ ఇష్టం. పోస్టాఫీసు ఇంకా అందరిదీ కాబట్టి కాగితం మీద అడుగుతున్నాను. మీ ల్యాబ్‌లో నీళ్లు పరీక్ష చేస్తారా, నీళ్లు నములుతారా?

వానలు మొదలైన దగ్గర్నుంచి మా అపార్ట్‌మెంట్ సంపులో నీళ్లు కంపు కొడుతున్నాయి. బోరు నీళ్లూ, నల్లా నీళ్లూ రెండూ చేరేది ఆ సంపులోకే. దానికి జానెడు దూరంలో డ్రైనేజీ గొట్టం. రెండు ఫ్లాట్లలో పిల్లలకు వాంతులు. సంపు ఖాళీ చేసి పగుళ్లు వెతకాలని మీటింగులో తీర్మానం పెట్టాను. మా సెక్రటరీ చిదంబరం గారు, ‘ముందు పరీక్ష చేయిద్దామండీ, సైన్సు ఏం చెబితే అది’ అన్నారు. సైన్సంటే నేనెందుకు కాదంటాను? మంగళవారం పొద్దున శాంపిల్ తీస్తున్నానని గ్రూపులో ముందే ప్రకటించాను. నాది దొంగచాటు పని కాదు. మీ కౌంటర్‌లో సీసా తీసుకుని, సంపు పక్క నల్లా కింద నా చేత్తో పట్టి, కాలేజీలో రెండు క్లాసులు చెప్పుకుని, మధ్యాహ్నం మళ్లీ మీ కౌంటర్‌లోనే ఇచ్చాను. నువ్వు అద్దం వెనక నుంచి చూసి తల తిప్పుకున్నావు.

మూడు రోజులకు రిపోర్టు. కోలిఫాం బ్యాక్టీరియా: కనబడలేదు. ఈ కోలి: కనబడలేదు. కింద నీ సంతకం, అమ్మ దిద్దించిన గుండ్రటి అక్షరాల్లో.

ముక్కున్న ప్రతివాడికీ తెలిసేది మీ యంత్రాలకు తెలియలేదన్నమాట! చిదంబరం గారు ఆ కాగితాన్ని లిఫ్టులో అతికించి ఏమన్నారో తెలుసా? ‘సంతకం మీ తమ్ముడిదేనటగా రాజశ్రీ గారూ! సొంతవాళ్లనే నమ్మకపోతే ఎలాగండీ?’ నా తీర్మానం బుట్టదాఖలైంది.

ఇరవై ఏడేళ్లుగా పిల్లలకు సివిక్స్ చెబుతున్నాను. సంతకాలు ఎవరికి పని చేస్తాయో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. మీకు శాంపిళ్లు తెచ్చేదెవరు? బిల్డర్లు, ఫ్యాక్టరీలు, నీళ్ల క్యాన్ల ప్లాంటువాళ్లు. వాళ్లకు ‘కనబడలేదు’ అని రాసీ రాసీ మీకు కనబడడమే మానేసింది. జవాబు కావాలి. నువ్వివ్వకపోతే నా జవాబు నేను అచ్చు వేయించుకుంటాను.

ఇంకా నీ అక్కనే,
రాజశ్రీ


చిల్కానగర్, ఉప్పల్,
జూలై 6

అక్కా,

బ్లాక్ తియ్యను. ఫోన్లో నువ్వు మాట్లాడవు, సభ నడుపుతావు. నేను హలో అనేలోపే నా మీద తీర్మానం పాసైపోతుంది. ఉత్తరమైతే మధ్యలో లేచి మంచినీళ్లు తాగి రావచ్చు.

రిపోర్టు అడుగున చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంటుంది, చదివావా? ‘ఈ నమూనా మేము సేకరించినది కాదు.’ నువ్వు తెచ్చిన సీసాలో ఏముందో చెప్పాం. మీ సంపులో ఏముందో చెప్పలేదు, చిదంబరం గారి మనసులో ఏముందో అసలే చెప్పలేదు. పరీక్ష చేసింది సాయి ప్రియ, నాలుగేళ్లుగా నా దగ్గర పని చేస్తున్న అమ్మాయి. నీ నీళ్లు గొట్టాల్లో పోసి రెండు రోజులు వెచ్చగా ఉంచింది. మురుగు బ్యాక్టీరియా ఉంటే లోపల గాలి బుడగ కట్టాలి. కట్టలేదు. కట్టని బుడగను కట్టిందని రాయమంటావా?

ఇప్పుడు నేనడుగుతాను. నల్లాను కాసేపు వదిలి పట్టావా? నల్లా మూతిని మంటతో కాల్చావా? సీసాను ఏమైనా చేశావా? ఇవన్నీ సీసాతో ఇచ్చిన సూచనల కాగితంలో ఉన్నాయి. నువ్వు దాన్ని చదవలేదని నాకు తెలుసు. ఎందుకంటే ఎర్ర పెన్నుతో అడ్డంగా ‘తెలుగులో ఇవ్వండి’ అని రాసి, నిలబడ్డ చోటే సాయి ప్రియకు తిరిగిచ్చేశావు. ఆ పిల్ల దాన్ని దాచిపెట్టుకుంది కూడా.

‘పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడుతుంది’ అని అమ్మ నిన్ను చూసే అనేదనుకుంటా. నీకు ప్రతి సంతకం వెనకా అమ్ముడుపోయినవాడే కనబడతాడు. హోమం చేసినవాడికి బుడగ కనబడదని ఏ పుస్తకంలో రాసుంది?

అనుమానం తీరకపోతే ఇంకో సీసా తీసుకెళ్లు. ఈసారి కాగితం చదువు.

ఉమామహేశ్వర్


నాచారం,
జూలై 12

తమ్మీ,

‘తెలుగులో ఇవ్వండి’ అని రాశాను, మళ్లీ ఇస్తే మళ్లీ రాస్తాను. నాకు ఇంగ్లిష్ రాక కాదు, రానివాళ్ల తరఫున రాశాను. ఇక సీసా సంగతి నాకు నేర్పకు. రాజేశ్వరమ్మ కూతురిని, ఎంత శుభ్రంగా పట్టాలో అంత శుభ్రంగా పట్టాను. మాట మార్చకు.

‘ఈ నమూనా మేము సేకరించినది కాదు.’ భేష్! ఈ ఒక్క వాక్యం మీద ఈ దేశంలో ఎన్ని కుర్చీలు నిలబడ్డాయో! గుంత మేము తవ్వింది కాదు, మందు మేము కొన్నది కాదు, పడిపోయిన గోడ మేము కట్టింది కాదు. మరి మీరు చేసిందేమిటయ్యా అంటే, సంతకం!

ఆ సంతకం ఏం చేసిందో విను. దీప అని మా వాచ్‌మన్ ఉపేందర్ భార్య. జనగామ వైపు పిల్ల, పదో తరగతి దాకా చదివింది, ఇప్పుడు ఆరో నెల. సెల్లార్‌లో సంపు పక్కనే వాళ్ల ఒంటి గది. ఫ్లాట్లన్నిట్లో ఫిల్టర్లున్నాయి, మా ఇంట్లోనూ ఉంది, వాళ్లకు లేదు. కంపు మొదలైనప్పటి నుంచి ఆ పిల్ల వెనక గల్లీ నల్లా నుంచి రోజూ బిందె మోసుకొచ్చేది. నిన్న మెట్ల దగ్గర కనబడి ఎంత సంతోషంగా చెప్పిందనుకున్నావు! ‘రిపోర్టు మంచిగొచ్చింది కద మేడం, లిఫ్టుల సూసిన. ఇగ బిందె మోసుడు తప్పింది. పది దినాల సంది సంపు నీళ్లే తాగుతున్నం. నడుము నొప్పి గూడ జర తగ్గింది.’

చదివావా? బుడగ కట్టలేదని నువ్వక్కడ కూర్చున్నావు, ఆమె ఇక్కడ తాగుతోంది.

చెప్పినట్టే అచ్చు వేయించాను. ‘నీళ్లు నమిలే ల్యాబులు’, రెండు వందల కరపత్రాలు, కింద నా పేరు. నీ పేరూ ఉంది. మా కాలనీలో గుమ్మం గుమ్మానికీ పంచాను. నాలుగు మీ గేటు దగ్గర కూడా ఇచ్చి వచ్చాను.

రాజశ్రీ


ఉప్పల్,
జూలై 29

శ్రీమతి రాజశ్రీ గారికి,

మీ కరపత్రం మా మేనేజర్ జనార్ధనరావు గారి బల్ల మీదికి చేరింది. సంజాయిషీ అడిగారు. ‘నువ్వు అమ్ముడుపోయావని సొంత అక్కే అచ్చు వేస్తే బయటివాళ్లకు మేమేం చెప్పాలయ్యా?’ అన్నారు. నా సంగతి వదిలేయండి. సాయి ప్రియ తండ్రికి కాప్రాలో కిరాణా షాపుంది. ఎవరో ఆ కాగితాన్ని తీసుకెళ్లి ఆయన కౌంటర్ మీద పెట్టారు. ‘ఏంది బిడ్డా, గిట్ల దొంగ కాగితాలు రాసెటందుకా నిన్ను సదివిచ్చింది?’ అని అడిగాడట. ఆ పిల్ల రెండు రోజులు డ్యూటీకి రాలేదు. ఆడపిల్లల పక్షం, పని చేసేవాళ్ల పక్షం అంటారు కదా మీరు. సాయి ప్రియ ఏ లెక్కలోకి వస్తుంది?

ఇంకో ప్రశ్న, దీనికి మాత్రం జవాబు కావాలి. ఆ నీళ్ల మీద మీకు అంత అనుమానం ఉంది. రెండు వందల గుమ్మాలకు అచ్చు వేసి మరీ చెప్పారు. మెట్ల దగ్గర మీ ఎదురుగా నిలబడ్డ దీపకు ఏం చెప్పారు?

ఇక రాయను.

ఉమామహేశ్వర్,
సీనియర్ అనలిస్ట్


నాచారం,
ఆగస్టు 18

ఉమా,

దీపను సర్కారు దవాఖానాలో చేర్చారు. పచ్చకామెర్లు. ఏడో నెల.

మొన్న మెట్లు ఊడుస్తూ చీపురుతో సహా కూలబడింది. కళ్లు చూస్తే భయమేసింది. డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, ‘ఏ నీళ్లు తాగుతున్నరు?’ కడుపుతో ఉన్నవాళ్లకు ఈ రకం కామెర్లు వస్తే ప్రాణాల మీదికే రావచ్చని చెప్పింది. ఉపేందర్ జేబులోంచి ఫోన్ తీసి చూపించాడు. లిఫ్టులో అతికించిన నీ రిపోర్టు ఫోటో. ‘నీళ్లు మంచియే మేడం, గిదో కాగితం’ అన్నాడు. నేను పక్కనే ఉన్నాను.

నీ ప్రశ్నకు జవాబు: ఏమీ చెప్పలేదు. ప్రెస్సుకు పోయే తొందరలో ఉన్నాను. ఆమె మాటను నీకు రాసే ఉత్తరంలో ఎక్కడ పెడితే బాగా తగులుతుందా అని ఆలోచిస్తూ స్కూటీ స్టార్ట్ చేశాను. గుమ్మం గుమ్మానికీ పంచానని రాశాను కదా, సెల్లార్‌లోకి ఒక్క కరపత్రం కూడా దిగలేదు. ఆ గదికీ ఒక గుమ్మం ఉందని నాకు తోచలేదు.

ఇంకొకటి. సీసాను ఏమైనా చేశావా అని అడిగితే దాటేశాను. చేశాను. మూత తీస్తే అడుగున తెల్లటి పొడి ఉంది, చిటికెడు కూడా కాదు. మురికి సీసా అంటగట్టారని తిట్టుకుంటూ సబ్బు పెట్టి కడిగాను. ఒకసారి కాదు, రెండుసార్లు. పైగా వేడినీళ్లతో తొలిచాను. బయటి గిన్నె ఏదైనా కడగకుండా ముట్టొద్దని అమ్మ అనేది కదా. మడి అనీ ఆచారమనీ ఆమెతో ఎంత కొట్లాడాను! నోట్లోంచి పోయింది గానీ చేతుల్లోంచి పోలేదు.

ఆ పొడి మురికి కాదా? ఉన్నదున్నట్టు రాయి. మెత్తగా రాయకు.

అక్క


ఉప్పల్,
ఆగస్టు 20

అక్కా,

మురికి కాదు. మేమే వేస్తాం. సోడియం థయోసల్ఫేట్ అంటారు. నీళ్లలో క్లోరిన్ ఉంటే దాని పని అక్కడికక్కడే ఆపేస్తుంది. అది లేకపోతే క్లోరిన్ సీసాలో కూడా బ్యాక్టీరియాను చంపుతూనే ఉంటుంది. నల్లా దగ్గర బతికి ఉన్నది మా బల్ల మీదికి వచ్చేసరికి చచ్చిపోతుంది. నువ్వు క్లాసులు చెబుతున్నంతసేపూ నీ స్కూటీ డిక్కీలో జరిగింది అదే.

మీ సంపులో క్లోరిన్ ఎక్కడిదంటావు. మంగళవారం శాంపిల్ అని గ్రూపులో చాటింపు వేసింది నువ్వే. ఎవరో ఆ పొద్దున బ్లీచింగ్ పౌడర్ గుమ్మరించి ఉంటారు. నువ్వు కడగకపోతే తప్పకుండా దొరికేదని కూడా చెప్పలేను. బ్లీచింగే అంతా చంపేసి ఉండొచ్చు. కామెర్ల వైరస్ మా పరీక్షలో అసలే కనబడదు. ఈ కోలి దొరికితే నీళ్లలో మురుగు కలుస్తోందని తెలుస్తుంది, అంతే. ఆ కాస్త తెలిసినా దీప బిందె దించేది కాదు.

ఇప్పటిదాకా చెప్పింది నీ తప్పు. ఇక నాది.

సీసా రాగానే కాసిని నీళ్లు తీసి, ఒక చుక్క మందు వేసి క్లోరిన్ ఉందేమో చూస్తాం. పొడి ఉన్న సీసా అయితే నీళ్లు నీళ్లలాగే ఉండాలి. నీ సీసాలోవి పసుపుపచ్చగా తిరిగాయి. సాయి ప్రియ తెచ్చి నాకు చూపించింది. ‘సార్, పసుపొచ్చింది. ఇది చెల్లదు కద, కస్టమర్‌కు ఫోన్ చేస్తరా?’ అంది. రూలు అదే. పసుపు వస్తే పక్కన పెట్టి, ఫోన్ చేసి, ఇంకో సీసా అడగాలి.

కస్టమర్‌వి నువ్వు. నీ నంబరు బ్లాక్‌లో ఉంది. అది తీసి, నీకు చేసి, ‘నీ శాంపిల్ చెల్లదు’ అని చెప్పి, ఆ తర్వాత అరగంట వినే ఓపిక నాకు లేకపోయింది. ‘కానియ్, చేసెయ్’ అన్నాను. మొదటి ఉత్తరంలో సీసాను ఏమైనా చేశావా అని ఊరికే అడగలేదు, తెలిసే అడిగాను. తెలిసీ, అదే కాగితం మీద పచ్చకామెర్ల సామెత రాశాను. పచ్చగా చూసింది నేనక్కా, నువ్వు కాదు.

రేపు జనార్ధనరావు గారికి రాసిస్తున్నాను. రిపోర్టు రద్దు. కారణం దగ్గర ‘నమూనాలో లోపం’ అని రాసి ఊరుకోవచ్చు, అందరూ అలాగే రాస్తారు. ‘చెల్లదని తెలిసి సంతకం చేశాను’ అని రాస్తాను.

కొత్త శాంపిల్ కోసం సాయి ప్రియ తనే వస్తానంది. ఏ రోజో చెప్పను. గ్రూపులో పెట్టకు.

ఉమా


నాచారం,
సెప్టెంబరు 9

తమ్మీ,

ఈ కోలి: ఉంది. కాగితం చేతికొచ్చాక గెలిచినట్టు ఏమీ అనిపించలేదు. మర్నాడే సంపు ఖాళీ చేయించాం. మూలన వేలు పట్టే పగులు, అవతలి డ్రైనేజీ గొట్టం చెమ్మ అందులోంచే దిగుతోంది. జూన్‌లో నా తీర్మానం చెప్పిందీ అదే అని మీటింగులో అరిచాను, మరి అరవనా? పాతికేళ్లు పెద్ద కంపెనీలో ఇంజినీరుగా చేసిన చిదంబరం గారు తాపీగా లేచి ఏమన్నారో విను. ‘అవునండీ, ఆ పొద్దున బ్లీచింగ్ వేయించింది నేనే. తప్పేముంది? ఇంటికి చుట్టాలొస్తున్నారంటే ఇల్లు ఊడ్చమా? పరీక్షకు పంపే నీళ్లు శుభ్రంగా ఉండొద్దా?’

ఆయన సంపు కడిగాడు, నేను సీసా కడిగాను. పెళ్లిచూపులకు పిల్లను తయారు చేసినట్టు ఇద్దరం కలిసి నీళ్లకు ముస్తాబు చేసి పంపాం. ఇక ఏ నోటితో తిట్టను?

నీ రిపోర్టు అతికించిన చోటే, లిఫ్టులో, నా చేతిరాతతో ఒక కాగితం పెట్టాను: ‘సీసా కడిగింది నేను. ల్యాబ్ అమ్ముడుపోయిందని రాసింది అబద్ధం.’ కాప్రా వెళ్లి సాయి ప్రియ నాన్న ముందు కూడా అదే మాట చెప్పాను. ఆయన పప్పు తూకం వేస్తూ, తల కూడా ఎత్తకుండా, ‘మంచిదే మేడం. గని ఆ రెండొందల కాయితాలు పోయిన ఇండ్లకు ఈ మాట గూడ పోతదా?’ అన్నాడు. పోతుంది. మళ్లీ అచ్చు వేయించాను, రోజుకు ఇరవై గుమ్మాలు ఎక్కుతున్నాను. మొదటిది సెల్లార్ గుమ్మానికి ఇచ్చాను. ఉపేందర్ మడిచి జేబులో పెట్టుకున్నాడు, చదవలేదు.

నీ మీద కోపం తగ్గిందనుకోకు. ఒక ఆడపిల్ల చెప్పిన రూలును అక్క మీది చిరాకుతో పక్కన పెట్టావు. తలుచుకున్నప్పుడల్లా ఒళ్లు మండుతుంది. నా మీద నాకు ఇంకా ఎక్కువ మండుతుంది. సంపు పక్కన గది కట్టి, అందులో మనిషిని పెట్టి, ఆ మనిషికి ఒక ఫిల్టర్ పెట్టాలని ఇరవై నాలుగు ఫ్లాట్లలో ఒక్కరికీ తోచలేదు. పదకొండేళ్లుగా సమానత్వం గురించి వ్యాసాలు రాస్తున్న ఫ్లాటు కూడా అందులో ఒకటి.

దీప ఇంకా దవాఖానాలోనే. రెండు రోజులు మనిషిని గుర్తుపట్టలేదు. నిన్న ఉపేందర్ పేరు పిలిచిందట.

అక్క


ఉప్పల్,
అక్టోబరు 4

అక్కా,

సంతకం అధికారం తీసేశారు. ఇప్పుడు ఐస్ పెట్టె పట్టుకుని కాప్రా, మల్కాజిగిరి వైపు శాంపిళ్లు తెస్తున్నాను. పంతొమ్మిదేళ్ల సర్వీసు తర్వాత ‘ఈ నమూనా మేమే సేకరించినది’ అని రాసే భాగ్యం దక్కింది, నవ్వుకో.

నీ ఎర్ర పెన్ను కాగితం సాయి ప్రియ జనార్ధనరావు గారికి చూపించింది. ఫార్మాట్ మార్చడం కుదరదన్నారు. ఆ పిల్ల వినలేదు, తనే స్టిక్కర్లు వేయించి ప్రతి సీసాకూ అతికిస్తోంది. ‘లోపలి తెల్లపొడి మందు. సీసా కడగవద్దు.’ తెలుగులో, పెద్ద అక్షరాల్లో. అలాంటి మూడు సీసాలు పంపుతున్నాను. సంపు బాగు చేశారు కాబట్టి నెలకొకటి పరీక్షకు పంపండి.

బ్లాక్ తీసి పది రోజులైంది. నువ్వు ఫోన్ చేయలేదు. దీప ఎలా ఉంది?

ఉమా


నాచారం,
నవంబరు 16

తమ్మీ,

రెండుసార్లు నీ నంబరు తీసి మళ్లీ పెట్టేశాను. సభ నడుపుతానని భయం, నీకు కాదు, నాకే.

దీప వచ్చేసింది. ఆడపిల్ల, నెల ముందే పుట్టింది, మూడు వారాలు గాజుపెట్టెలో ఉంచారు. ఇంకా పిడికిలంతే ఉంది గానీ ఏడుపు మాత్రం ఐదో అంతస్తు దాకా వినబడుతుంది. సెల్లార్‌లో ఫిల్టర్ పెట్టించాం. పెట్టించామని చెప్పుకోవడానికి నోరు రావడం లేదు.

నిన్న పైకి పిలిచి చాయ్ ఇచ్చాను. ‘వద్దు మేడం. నా సీసా నేను తెచ్చుకున్న’ అని వెంట తెచ్చుకున్న నీళ్లు తాగింది. కోపంగా అనలేదు.

బల్ల మీద నువ్వు పంపిన సీసాలు చూసి, ఒకటి చేతిలోకి తీసుకుని, స్టిక్కర్ పైకి చదివింది. లోపలి పొడిని వెలుతురుకు పెట్టి చూసింది. ‘గీ పొడేనా?’ అని అడిగింది. అవునన్నాను. ఎవరు చెప్పారో, కాగితం చదువుకుందో, అంతా తెలుసు ఆమెకు. ‘రేపు నీళ్లు నేను పడ్త’ అని సీసా కొంగులో చుట్టుకుని కిందికి పోయింది.

పొద్దున నేనూ దిగాను. ఇత్తడి నల్లాను లైటర్ మంటతో కాల్చింది. నీళ్లు వదిలి, లోపల పిల్ల గుక్కపట్టి ఏడుస్తున్నా కదలకుండా, రెండు నిమిషాలు ఫోన్లో చూసుకుంది. మూత తీసి కింద పెట్టడానికి చోటు వెతుకుతుంటే పట్టుకుందామని చెయ్యి చాపాను.

‘మీరు ముట్టకుండ్రి మేడం’ అంది.

ముట్టలేదు. మూతను చిటికెన వేలికీ పక్క వేలికీ మధ్య ఇరికించుకుని, ఒంటి చేత్తో పట్టి, బిగించింది. సీసా మీది చీటీలో ‘నమూనా సేకరించినవారు’ అన్న చోట దీప అని రాసింది. పక్కన తన నంబరు రాసింది. ‘రిపోర్టు మంచిగొచ్చినా ఇంకొక నెల బిందెనే’ అంది, నాతో కాదు, ఉపేందర్‌తో.

సీసాను ఐస్‌లో పెట్టి ఇప్పుడే పంపుతున్నాను, కాలేజీకి పోయి మధ్యాహ్నం కాదు. చుక్క వేశాక పసుపు వస్తే ఫోన్ చెయ్. నాకు కాదు. నంబరు సీసా మీద ఉంది.

రాజశ్రీ